4294967297 ప్రధాన సంఖ్యేనా? 499 వరకు భాగించి ఆగాను

లెక్కల_నోటు
రెండు రోజులుగా ఈ ఒక్క సంఖ్య నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు. 4294967297. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2³² కి ఒకటి కలిపితే వచ్చేది. 2¹+1 = 3, 2²+1 = 5, 2⁴+1 = 17, 2⁸+1 = 257, 2¹⁶+1 = 65537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతోంది, కాబట్టి ఆరోది కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని నా నమ్మకం. కాగితం మీదే తేల్చుకుందామని 2, 3, 5, 7 అంటూ మొదలుపెట్టి 499 వరకు ఉన్న 95 ప్రధాన సంఖ్యలతోనూ భాగించాను. ప్రతిసారీ ఏదో ఒక శేషం మిగులుతోంది. వర్గమూలం 65536 దగ్గర ఉంది కాబట్టి అక్కడి దాకా వెళ్లాలి. అంటే మొత్తం 6542 ప్రధాన సంఖ్యలు! తల ప్రాణం తోకకు వస్తోంది. సాగించనా, మానేయనా? దగ్గరి దారి ఉందా? అవును, కాదు అనే జవాబు కంప్యూటర్ కూడా ఇస్తుంది. నాకు కావలసింది కారణం.

శేషం_సున్నా
మానేయకండి. ఇంకో 21 ప్రధాన సంఖ్యలు చాలు.

మూడో_మెట్టు
చెప్పేశారా! ఆయన తనంతట తాను కనుక్కునే ఆనందం పోయింది కదండీ.

శేషం_సున్నా
ఏ సంఖ్యో చెప్పలేదుగా. 503 నుంచి మొదలుపెట్టమనండి, ఆనందం ఎక్కడికీ పోదు.

పాత_పలక
ఇది మామూలు సంఖ్య కాదు. దీన్ని ఐదో ఫెర్మా సంఖ్య అంటారు (3 ను సున్నావదిగా లెక్కపెడతారు కాబట్టి మీ ఆరోది వాళ్లకు ఐదోది). 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త అచ్చంగా మీలాగే ఆలోచించాడు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే, ఆ తర్వాతవి కూడా అంతే అయి ఉంటాయని ఉత్తరాల్లో రాశాడు. దాదాపు వందేళ్ల పాటు ఎవరూ కాదనలేదు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త కారణాంకం చూపించి ఆ నమ్మకాన్ని కూల్చాడు. కాబట్టి మీరు పొరబడినందుకు బాధపడకండి, మీకు ముందు చాలా పెద్దవాడే పొరబడ్డాడు.

లెక్కల_నోటు
503, 509, 521... వరసగా చేసుకుంటూ పోయాను. ఇరవై ఒకటోది 641. ఆ భాగహారం ఇలా నడిచింది: 4294 లో 641 ఆరుసార్లు పోతే మిగిలింది 448. తొమ్మిది దించితే 4489, ఏడుసార్లు, 2 మిగిలింది. ఆరు దించితే 26, సున్నా. ఏడు దించితే 267, మళ్లీ సున్నా. రెండు దించితే 2672, నాలుగుసార్లు, 108. తొమ్మిది దించితే 1089, ఒకసారి, 448. చివరి ఏడు దించితే 4487. ఏడు 641లు సరిగ్గా 4487! పెన్ను కింద పెట్టేసి కాసేపు ఆ సున్నానే చూస్తూ ఉండిపోయాను.

4294967297 = 641 × 6700417.

నా నమ్మకం కూలిపోయింది, అయినా ఇంత సంతోషం ఎందుకో తెలియడం లేదు. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. ఆయిలర్ కూడా 2, 3, 5 నుంచే మొదలుపెట్టాడా?

చుక్క_గీత
లేదు. అసలు అందం అక్కడే ఉంది, కొంచెం వివరంగా చెబుతాను.

ప అనే ప్రధాన సంఖ్య 2³²+1 ను నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు ప తో భాగించి శేషాలు చూస్తే 2³² కి శేషం −1 (అంటే ప కి ఒకటి తక్కువ). దాన్ని వర్గం చేస్తే 2⁶⁴ కి శేషం 1. ఇప్పుడు 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ ప తో వచ్చే శేషాలు రాసుకుంటూ పోండి. మొదటిసారి 1 తగిలేది సరిగ్గా 64వ అడుగులో. అంతకు ముందే తగిలి ఉంటే ఆ అడుగు 64 ను భాగించాలి, అంటే 32 నో, దాన్ని భాగించే సంఖ్యో కావాలి. అలా అయితే 32వ అడుగులో 1 రావాలి. అక్కడ ఉన్నది −1. కాబట్టి ఈ చక్రం పొడవు 64, తక్కువ కాదు.

ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం (ప−1) అడుగుల తర్వాత కూడా 1 రావాలి. అంటే ప−1 అనేది 64 కి గుణిజం. ఇంతే! భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 64క+1 రూపంలోనే ఉండాలి.

65 కాదు, 129 కాదు (3×43). 193 ప్రధాన సంఖ్య, చూడాలి. 257 చూడాలి. 321, 385 కావు. 449 చూడాలి. 513 కాదు. 577 చూడాలి. 641. ఐదో ప్రయత్నానికే దొరికింది.

లెక్కల_నోటు
నేను 116 భాగహారాలు చేశాను, అదే పని ఐదింటితో అయిపోయిందా!

శేషం_సున్నా
ఐదు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత లూకా ఇంకో మెట్టు ఎక్కాడు, కారణాంకం 128క+1 రూపంలో ఉండాలని చూపించాడు. అప్పుడు 193, 449, 577 లు అసలు పోటీలోనే ఉండవు. మిగిలేవి 257, 641. అందులో 257 మీ జాబితాలోదే, అది ఎలాగూ భాగించదు. కాబట్టి నిజంగా చేయాల్సిన మొదటి భాగహారమే 641.

మూడో_మెట్టు
257 ఎలాగూ భాగించదని అంత ధీమాగా ఎలా అంటారు?

శేషం_సున్నా
2⁸ కి 257 తో శేషం −1. నాలుగో ఘాతం వేస్తే 2³² కి శేషం 1. ఒకటి కలిపితే 2. ఎప్పటికీ 2 మిగులుతుంది.

గుణిజం
ఇంకో దారి కూడా ఉంది. 3 × 5 × 17 × 257 × 65537 ఎంతో గుణించి చూడండి. 4294967295 వస్తుంది. మన సంఖ్యకు సరిగ్గా రెండు తక్కువ! అంటే ఆ ఐదింటిలో దేనితో భాగించినా 2 మిగులుతుంది. ఫెర్మా సంఖ్యల్లో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకపోవడానికి కారణం ఇదే. ప్రతి ఫెర్మా సంఖ్యా కనీసం ఒక కొత్త ప్రధాన సంఖ్యను తీసుకొస్తుంది కాబట్టి ప్రధాన సంఖ్యలు అనంతమని కూడా దీనితోనే నిరూపణ అయిపోతుంది. 1730లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఈ ఆలోచన ఉంది.

ఒంటి_నక్షత్రం
అంతా బాగుంది కానీ నాకు ఫెర్మా మీద కోపంగా ఉంది. చుక్క_గీత గారు వాడిన చిన్న సిద్ధాంతం ఫెర్మాదే కదా! చేతిలో దివిటీ పెట్టుకుని చీకట్లో తడుముకున్నాడు. అదే 1640లో అదే పద్ధతితో 2³⁷−1 ని 223 భాగిస్తుందని కనుక్కున్నవాడు, ఇక్కడ నాలుగైదు భాగహారాలు చేయలేకపోయాడా?

పాత_పలక
చేసి ఉండవచ్చు, ఎక్కడో ఒక అంకె తప్పి ఉండవచ్చు. కాగితం మీద పది అంకెల లెక్క అది. పైగా తన దగ్గర పూర్తి నిరూపణ లేదని ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నాడు. నిజాయితీగా ఊహ అని చెప్పినదాన్ని అబద్ధం అన్నట్టు మాట్లాడకూడదు.

ఒంటి_నక్షత్రం
ఊహ అన్నాడు సరే. అదే ఊహ ఏళ్ల తరబడి ఎన్నో ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ రాశాడు. అన్నిసార్లు రాసేవాడు ఒక్కసారైనా లెక్క సరిచూసుకోవాలి. ఈ విషయంలో నా మాట మార్చుకోను.

చుక్క_గీత
ఆ ఊహ లేకపోతే ఆయిలర్ ఈ సంఖ్య వైపు చూసేవాడా? తప్పు ఊహే అయినా మంచి ప్రశ్న.

సున్నా_ఒకటి
మీరంతా చేత్తో చేస్తున్నారు, నేను చిన్న ప్రోగ్రామ్ రాశాను. ప్రధాన సంఖ్యా కాదా అని చూడడానికి 2 ను (సంఖ్య − 1) ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూసే పరీక్ష ఉంది కదా. 4294967297 ఇస్తే శేషం 1 వచ్చింది. ప్రధాన సంఖ్య అనే చెబుతోంది! 641 లెక్కలో ఎక్కడైనా తప్పుందేమో చూడండి.

శేషం_సున్నా
641 లెక్కలో తప్పు లేదు, మీ ప్రోగ్రామ్‌లోనూ తప్పు లేదు. ఆ పరీక్షే ఇక్కడ పనికిరాదు. మన సంఖ్యతో భాగిస్తే 2³² కి శేషం −1, 2⁶⁴ కి 1. మీరు వేసిన ఘాతం 2³², అంటే 4294967296. అది 64 కి గుణిజమే. కాబట్టి 1 రాక తప్పదు. ఏ ఫెర్మా సంఖ్య ఇచ్చినా ఇదే జరుగుతుంది, ప్రధాన సంఖ్య అయినా కాకపోయినా. 2 బదులు 3 పెట్టి చూడండి.

సున్నా_ఒకటి
3 పెట్టాను. 1 రాలేదు. దొంగ దొరికాడు.

చుక్క_గీత
ఆ 3 తోనే ఫెర్మా సంఖ్యల కోసం ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. 1877లో పెపాన్ ఇచ్చాడు. 3 ను (సంఖ్య − 1)/2 ఘాతానికి పెంచితే శేషం −1 రావాలి. వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. మధ్యేమార్గం లేదు. కారణాంకం ఏదో తెలియకుండానే తీర్పు చెప్పేస్తుంది.

మూడో_మెట్టు
641 ను సరిచూడడానికి ఆ పొడవైన భాగహారం కూడా అక్కర్లేదని నాకు ఈరోజే తెలిసింది. 641 తో శేషాలు మాత్రమే చూసుకుంటూ వర్గాలు వేస్తే చాలు. 2⁸ = 256. దాని వర్గం 65536, అందులో 641×102 = 65382 తీసేస్తే 154. 154 వర్గం 23716, అందులో 641×36 = 23076 తీసేస్తే 640. అంటే 2³² కి శేషం 640. ఒకటి కలిపితే 641. అయిపోయింది! ఒక సంఖ్య కూడా ఐదు అంకెలు దాటలేదు.

గుణిజం
అంతకంటే చిన్నదారి ఉంది, నాకు ప్రాణం లాంటి నిరూపణ. 641 ని రెండు రకాలుగా రాయండి.

641 = 5×128 + 1, అంటే 5×2⁷ + 1.
641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴.

మొదటి వరస ప్రకారం 5×2⁷ కి శేషం −1. నాలుగో ఘాతం వేస్తే 5⁴×2²⁸ కి శేషం 1. రెండో వరస ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³² కి శేషం 1, అంటే 2³²+1 కి శేషం 0. భాగహారమే లేదు!

ఒంటి_నక్షత్రం
అందంగా ఉంది, కాదనను. కానీ ఇది జవాబు తెలిశాక అల్లిన నిరూపణ. 641 అని ముందే తెలియనివాడికి ఇది దారి చూపించదు. దారి చూపించింది 64క+1. నా ఓటు దానికే.

గుణిజం
దారి చూపించేది ఒకటి, చేరాక ఇల్లు చూపించేది ఒకటి. రెండూ కావాలి. 641 లో 5, 2 ఇలా పెనవేసుకుని ఉండడం వల్ల ఇంకో ఫలితం కూడా ఉంది. 1/641 ని దశాంశంలో రాయండి: 0.00156006240249609984399375975039, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి. 32 అంకెల ఆవర్తనం. అందులో మొదటి 16 అంకెల కింద తర్వాతి 16 అంకెలు పేర్చి కూడండి. ప్రతి చోటా 9 వస్తుంది. ఎందుకంటే 10¹⁶+1 ని కూడా 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

లెక్కల_నోటు
కూడి చూశాను. 0 కింద 9, 0 కింద 9, 1 కింద 8, 5 కింద 4, 6 కింద 3... చివరి దాకా తొమ్మిదే! 641 కి ఇన్ని గుట్లు ఉన్నాయని ఎవరనుకుంటారు?

సరే, దాని జోడీ సంగతి ఏమిటి? 6700417 ఇంకా విడిపోతుందా? వర్గమూలం 2588 దాకా ఉంది. మళ్లీ వందల భాగహారాలు చేయాలంటే భయంగా ఉంది.

శేషం_సున్నా
భయం అక్కర్లేదు. 6700417 ని భాగించే ప్రధాన సంఖ్య మన పెద్ద సంఖ్యను కూడా భాగిస్తుంది, కాబట్టి దానికీ 128క+1 నియమం వర్తిస్తుంది. 2588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409, 1537. ఆరు భాగహారాలు.

చుక్క_గీత
1537 = 29×53. అది తీసేయండి. ఐదే.

శేషం_సున్నా
నిజమే, తొందరలో చూసుకోలేదు. ఐదే.

లెక్కల_నోటు
పూర్తయ్యాయి. 257 తో శేషం 170. 641 తో 44. 769 తో 120. 1153 తో 334. 1409 తో 622. ఒక్కటీ సున్నా కాలేదు. అంటే 6700417 ప్రధాన సంఖ్య! ఏడంకెల సంఖ్య గురించి ఐదు భాగహారాలతో ఇంత ధైర్యంగా చెప్పగలనని మొన్నటి దాకా ఊహించలేదు.

పాత_పలక
ఇప్పుడు నా వంతు. మన సంఖ్య 65536² + 1². రెండు వర్గాల మొత్తం. 4క+1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. మరి మనది ప్రధాన సంఖ్య కాదు కదా, రెండో విధం ఎక్కడో ఉండాలి. ఎవరైనా ప్రయత్నిస్తారా? ఆధారం ఇస్తున్నాను: 641 = 25² + 4², 6700417 = 2556² + 409².

మూడో_మెట్టు
దొరికింది! రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందనే సూత్రం వాడాను. 25×2556 = 63900. 4×409 = 1636. 25×409 = 10225. 4×2556 = 10224.

ఒక రకంగా కలిపితే: 63900 + 1636 = 65536, 10225 − 10224 = 1. ఇది మనకు తెలిసినదే.
గుర్తులు మారిస్తే: 63900 − 1636 = 62264, 10225 + 10224 = 20449.

కాబట్టి 4294967297 = 62264² + 20449². వర్గాలు విడివిడిగా వేసి కూడాను: 3876805696 + 418161601. సరిపోయింది!

గుణిజం
10225 − 10224 = 1 అనే చోట నాకు ఒళ్లు పులకరించింది. ఆ ఒక్కటి మన +1 లోని ఒకటే!

ఒంటి_నక్షత్రం
దీన్ని ఒప్పుకుంటున్నాను. ఇది 641 నిరూపణ కంటే గొప్పగా ఉంది. కారణాంకం తెలియకపోయినా ఆ రెండో జత ఎవరికైనా దొరికితే చాలు, ప్రధాన సంఖ్య కాదని తేలిపోతుంది.

సున్నా_ఒకటి
1812లో లండన్‌లో జెరా కోల్‌బర్న్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఈ సంఖ్య గురించే అడిగితే నోటి లెక్కతో 641 చెప్పాడని చదివాను. నమ్మాలా?

పాత_పలక
గణితంలో ప్రసిద్ధమైన ఉదంతమే అది. 641 మూడంకెల సంఖ్య కాబట్టి నాకు అసాధ్యం అనిపించదు. వరసగా వెళ్లినా 116వ ప్రధాన సంఖ్యే. లెక్కల_నోటు గారు కాగితం మీద చేసింది అతను మనసులో చేసి ఉంటాడు.

చుక్క_గీత
రేఖాగణితాన్ని ఎవరూ తలవలేదే! 1796లో గాస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని చూపించాడు. ఏ బహుభుజులు గీయగలమో నిర్ణయించేది ఈ ఫెర్మా ప్రధాన సంఖ్యలే. 3, 5, 17, 257, 65537 లలో కొన్నింటినో అన్నింటినో ఒక్కోసారి చొప్పున గుణిస్తే 31 బేసి సంఖ్యలు వస్తాయి. అన్నిటికన్నా పెద్దది గుణిజం గారు చూపిన 4294967295. అన్ని భుజాల బహుభుజిని సిద్ధాంతపరంగా గీయవచ్చు. రెండు భుజాలు పెంచి 4294967297 చేస్తే మాత్రం గీయలేం. 641 భుజాలదీ గీయలేం. ఇలాంటివి గీయలేమన్న వైపు నిరూపణను వాంట్జెల్ 1837లో పూర్తి చేశాడు.

లెక్కల_నోటు
తర్వాతి సంఖ్య మీద ఆశ పెట్టుకోవచ్చా? 2⁶⁴+1?

శేషం_సున్నా
18446744073709551617. ఇరవై అంకెలు. అది కూడా విడిపోతుంది: 274177 × 67280421310721. 1880లో లాండ్రీ కనుక్కున్నాడు. అప్పుడు ఆయన వయసు ఎనభై దాటింది. ఆ తర్వాతి దాన్ని 1970లో మోరిసన్, బ్రిల్హార్ట్ కంప్యూటర్‌తో విడదీశారు.

సున్నా_ఒకటి
మొత్తానికి 65537 తర్వాత ఫెర్మా ప్రధాన సంఖ్యలే లేవన్నమాట.

చుక్క_గీత
అలా అనకూడదు. దొరకలేదు అనాలి. మన సంఖ్య ఐదోది కదా, ఐదో దాని నుంచి 32వ దాని వరకు అన్నీ విడిపోయేవేనని తెలుసు. అందులో 20వ దానికీ 24వ దానికీ ఒక్క కారణాంకం కూడా ఇంతవరకు దొరకలేదు, విడిపోతాయని మాత్రం తెలుసు. 33వది ఎటూ తేలలేదు. ఇక మీద ఒక్కటి కూడా లేదని ఎవరూ నిరూపించలేదు.

ఒంటి_నక్షత్రం
ఫెర్మా ఒక వైపు తొందరపడ్డాడు, మనం ఇంకో వైపు తొందరపడకూడదు.

లెక్కల_నోటు
274177 − 1 ని 128 తో భాగించి చూశాను, 2142 వచ్చింది, నిశ్శేషం. ఆ సంఖ్యకు 256క+1 అయి ఉండాలేమో అనిపించి 256 తో కూడా భాగించాను. 1071. అదీ నిశ్శేషమే! ఒక్కో మెట్టుకు నియమం కూడా రెట్టింపవుతోందా?

శేషం_సున్నా
అవును.

లెక్కల_నోటు
అయితే 257 నుంచి మొదలుపెట్టి 1071వ మెట్టు దాకా నేనే ఎక్కుతాను. ప్రధాన సంఖ్యలు కానివి తీసేస్తే ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టి రాస్తాను, ఈలోగా ఎవరూ చెప్పకండి.